చలికాలానికి గోల్ఫ్ పచ్చిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకు ఎంచుకున్న ప్రశ్నలన్నీ పచ్చికకూ చలికాలానికీ సంబంధించినవే. గోల్ఫ్ మైదానంలో పనిచేసేవారు, అక్కడ ఆడేవారు, అపార్టుమెంటు ఆవరణలో చిన్న పుటింగ్ గ్రీన్ (బంతిని గుంతలోకి దొర్లించే, బాగా పొట్టిగా కోసిన పచ్చిక) పెంచుకునేవారు వేర్వేరుగా రాసినా, అందరి ఇబ్బందికీ మూలం దాదాపు ఒకటే కావడంతో ఆ ఉత్తరాలను ఒకచోట చేర్చాను. మొదటి జవాబు పెద్దది. తక్కినవాటికి అదే ఆధారం కనుక దానిని ముందుగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: అయ్యా, మాది హిందూపురం. బెంగళూరు శివార్లలో దేవనహళ్ళి దగ్గర ఒక గోల్ఫ్ మైదానంలో సహాయ పర్యవేక్షకునిగా పనిచేస్తున్నాను. మా గ్రీన్లు పొట్టి గరికలో టిఫ్‌డ్వార్ఫ్ రకం, ఫెయిర్‌వేలు సంకర గరిక (ఫెయిర్‌వే అంటే గ్రీన్ దాకా బంతిని కొట్టుకుపోయే పచ్చిక దారి). ఏటా డిసెంబరులో గ్రీన్లు పలచబడి, జనవరి ముగిసేసరికి కప్పు (బంతి పడే గుంత) చుట్టుపక్కల నేల బయటపడుతోంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక అమెరికా క్యాలెండరును అనుసరించి పోయిన ఏడాది నవంబరు చివర్లో నేల వదులవ్వాలని గ్రీన్లకు రంధ్రాలు వేయించాము, డిసెంబరులో యూరియా చల్లించాము. పరిస్థితి ఇంకా పాడైంది. చలికాలానికి మేము ఏమేమి చేయాలి, ఎప్పుడు చేయాలి? (దేవనహళ్ళి)

జవాబు: మీ గ్రీన్లను దెబ్బతీస్తున్నది చలి కాదు, చలిలో కోలుకోలేకపోవడం. ఈ తేడా గుర్తిస్తే మీ క్యాలెండరు మొత్తం రెండు నెలలు ముందుకు జరుగుతుంది. గరిక జాతికి 27 నుంచి 35 డిగ్రీల వేడి అనుకూలం. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాపుకు దిగితే దాని ఎదుగుదల బాగా మందగిస్తుంది. నేల 10 డిగ్రీల కంటే చల్లబడి కొన్నాళ్ళు అలాగే ఉంటే తప్ప అది పూర్తిగా నిద్రావస్థకు పోయి ఎండుగడ్డి రంగుకు తిరగదు. బెంగళూరులో జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది; ఈ నగరంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1884 జనవరి 13 నాటి 7.8 డిగ్రీలు. దేవనహళ్ళి వైపు బయలు ప్రదేశం కనుక రాత్రులు నగరంలో కంటే కాస్త చల్లగా ఉంటాయి. అయినా మీ గరిక నిద్రపోదు, చావదు, ఎదగడం మాత్రం మానుకుంటుంది. పైగా జూన్‌తో పోలిస్తే డిసెంబరులో పగలు దాదాపు గంటన్నర తక్కువ కావడంతో ఆకు తయారుచేసుకునే ఆహారమూ తగ్గుతుంది.

సరిగ్గా ఆ నెలల్లోనే మన ఊళ్ళో గోల్ఫ్ ఆట ముమ్మరమవుతుంది. వానలు ఉండవు, ఎండ హాయిగా ఉంటుంది, పోటీలు వరసగా జరుగుతాయి, సెలవులకు వచ్చిన బంధువులను వెంటబెట్టుకుని సభ్యులు మైదానానికి వస్తారు. జూలైలో పడిన గాయాన్ని గరిక వారం పదిరోజుల్లో పూడ్చుకుంటుంది. అదే గాయం డిసెంబరులో పడితే నెల దాటినా కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి చలికాలపు సన్నద్ధత అంటే రెండే పనులు: గరిక ఎదిగే రోజుల్లోనే దానికి వేరుబలం, ఆకుబలం సమకూర్చిపెట్టడం, ఎదగని రోజుల్లో దాని మీద పడే తొక్కుడు తగ్గించడం. అమెరికా క్యాలెండర్లలో చాలా భాగం, ముఖ్యంగా ఉత్తర రాష్ట్రాలవి, చలిలో ఎదిగే బెంట్ గ్రాస్, బ్లూగ్రాస్ వంటి జాతుల కోసం రాసినవి. వాటికి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మంచి ఎదుగుదల కాలం. మన గరికకు అది ఎదుగుదల చివరి దశ. ఆ పట్టికను ఉన్నదున్నట్టు ఇక్కడ అమలు చేయడం వల్లనే మీ రంధ్రాలు పూడలేదు.

బోలు ముళ్ళ యంత్రంతో మట్టి కడ్డీలను పెకలించి రంధ్రాలు వేసే పనిని సెప్టెంబరు చివరికి ముగించండి. మా వైపు మాటల్లో చెప్పాలంటే, దసరా లోపు రంధ్రాలు, దీపావళి లోపు ఆఖరి ఎరువు. తిథులు ఏటా జరుగుతుంటాయి కనుక దీనిని జ్ఞాపకానికే వాడుకోండి, తేదీకి నేల వేడినే నమ్మండి. 12 మిల్లీమీటర్ల ముళ్ళతో, 5 సెంటీమీటర్ల ఎడంతో, 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతుకు వేస్తే చాలు. ఇందులో ఒక చిక్కు ఉంది. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలలే ఏడాదిలో ఎక్కువ వాన కురిసే కాలం. తడిసిన ఎర్రమట్టి మీద బరువైన యంత్రం నడిపితే, వదులు చేయబోయిన నేలనే గట్టిపరిచినవారమవుతాము. అందుచేత ఆగస్టు రెండో పక్షం నుంచే సిద్ధంగా ఉండి, నాలుగు రోజుల ఎడతెరిపి దొరకగానే గ్రీన్లు ముగించాలి. గ్రీన్లు ఇసుక పునాది మీద కట్టినవైతే నీరు త్వరగా దిగిపోతుంది కనుక వాన వెలిసిన మర్నాడే యంత్రం దింపవచ్చు. ఫెయిర్‌వేలకు ఆ వెసులుబాటు లేదు. గడ్డికీ మట్టికీ నడుమ పేరుకున్న ఎండు పీచు పొరను నిలువు బ్లేళ్ళతో చీల్చే పని కూడా ఈ కాలంలోనే జరగాలి. అక్టోబరు దాటితే ఆ యంత్రాన్ని షెడ్డులోంచి తీయవద్దు.

రంధ్రాలలో నింపే ఇసుక గురించి ఒక హెచ్చరిక. నది ఇసుక దొరకడం కష్టమైన ఈ రోజుల్లో చాలామంది ఎం-శాండ్ తెప్పిస్తున్నారు. రాళ్ళు పిండి చేసిన ఆ ఇసుకలో సన్నని పొడి ఎక్కువ ఉంటుంది, గింజలకు అంచులు పదునుగా ఉంటాయి. కడగకుండా వేస్తే ఆ పొడి తడిసి రంధ్రాల నోళ్ళను మూసేస్తుంది. గ్రీన్ కట్టినప్పుడు ఏ పరిమాణపు ఇసుక వాడారో దానితో సరిపోలే ఇసుకే కావాలి. గింజల్లో ఎక్కువ భాగం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. వేర్వేరు ఇసుకలు పొరలు పొరలుగా పడితే నీరు ఆ పొర దగ్గరే ఆగిపోతుంది, వేరు కూడా అక్కడే ఆగుతుంది. మీ గ్రీన్ వైశాల్యం 500 చదరపు మీటర్లయితే, పైపూతగా ఒక మిల్లీమీటరు మందం వేయడానికి అర ఘనపు మీటరు ఇసుక పడుతుంది. రంధ్రాలను పూర్తిగా నింపాలంటే అంతకు అనేక రెట్లు అవసరం. ఆ లెక్క చూసుకోకుండా ఒక లారీ చెప్పి, మధ్యలో మరో చోటి ఇసుకతో సరిపెట్టడం చాలా మైదానాల్లో జరిగే పని.

ఎరువుల సంగతి. డిసెంబరులో వేసిన యూరియా గ్రీన్‌కు రంగు తెచ్చి ఉంటుంది, కానీ ఆ రంగు కోసం గరిక తన వేళ్ళలో, నేలను అంటి పాకే కాడల్లో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసింది. లేత ఆకు వచ్చింది, దాని వెనక బలం లేదు. చివరి పూర్తి మోతాదు నత్రజనిని అక్టోబరు నెలలో, 100 చదరపు మీటర్లకు 250 గ్రాముల నత్రజనికి మించకుండా, రెండు మూడు విడతలుగా ఇవ్వండి. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కనుక ఇది సుమారు 540 గ్రాముల యూరియాతో సమానం. నెమ్మదిగా కరిగే రకం దొరికితే ఇంకా మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నత్రజనిని పూర్తిగా మానవద్దు, ఎందుకంటే మరీ ఆకలితో ఉన్న గడ్డికి తెగులు త్వరగా సోకుతుంది. నెలకు ఒకసారి అందులో ఐదో వంతో, నాలుగో వంతో పిచికారీగా ఇస్తే సరిపోతుంది.

పొటాష్ గురించి మాత్రం మట్టి పరీక్ష చేయించాకే నిర్ణయించండి. చలికి పొటాష్ మంచిదన్న మాట విని బస్తాలు కుమ్మరించేవారు ఉన్నారు. నేలలో చాలినంత ఉన్నచోట అదనంగా వేసినదానివల్ల లాభం లేదు. అయితే ఇసుక గ్రీన్లలోంచి వానాకాలంలో పొటాష్ కొట్టుకుపోవడం మామూలే కనుక మీ దగ్గర లోటు ఉండే అవకాశమే ఎక్కువ. లోటు ఉందని తేలితే 100 చదరపు మీటర్లకు అర కిలో పొటాషియం సల్ఫేటును అక్టోబరులో రెండు విడతలుగా వేసి నీరు పెట్టండి. పోటీల సమయానికి పచ్చదనం కావాలని యాజమాన్యం పట్టుబడితే, 100 చదరపు మీటర్లకు 50 నుంచి 100 గ్రాముల అన్నభేదిని నీళ్ళలో కరిగించి ఆకుల మీద పిచికారీ చేయించండి. అందులోని ఇనుము ఎదుగుదలను తొందరపెట్టకుండానే ముదురు రంగు తెస్తుంది. సిమెంటు బాటల మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త.

కోత ఎత్తు విషయంలో మీకు సభ్యులతో మాటపట్టింపు తప్పదు. బంతి వేగంగా దొర్లాలని వారు కోరుకుంటారు. అయినా నవంబరు మొదటి వారంలోనే గ్రీన్ల కోత ఎత్తును అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పెంచండి. మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ 4 మిల్లీమీటర్ల దగ్గర కోసే గడ్డికి ఒక మిల్లీమీటరు పెంపు అంటే ఆకులో నాలుగో వంతు. వేగం తగ్గిందన్న ఫిర్యాదులకు రోలర్ తిప్పడమే సమాధానం. అది కూడా వారానికి రెండు మూడు సార్లకు మించకూడదు. ఎదుగుదల తగ్గింది కనుక రోజూ కోయవలసిన అవసరమూ ఉండదు. గ్రీన్ అంచున యంత్రం మలుపు తిరిగే వలయాన్ని వారంలో ఒకటి రెండు రోజులు వదిలిపెట్టండి, ముందుగా అరిగిపోయేది అదే.

ఇక తొక్కుడు. కప్పు స్థానాన్ని చలికాలంలో రోజూ మార్చాలి. కప్పు చుట్టూ ఒక మీటరు పరిధిలో పడే అడుగులు గ్రీన్ మీద మరెక్కడా పడవు. గ్రీన్ మొత్తాన్ని ఆరో ఎనిమిదో భాగాలుగా కాగితం మీద గీసుకుని, ఏ భాగానికి ఎన్ని రోజుల విశ్రాంతి దొరికిందో రాసిపెట్టుకుంటే జనవరి చివర నేల బయటపడదు. ఆటగాళ్ళు గ్రీన్ నుంచి తర్వాతి టీకి (మొదటి దెబ్బ కొట్టే చోటికి) నడిచే దారికి తాళ్ళు కట్టి వారం వారం మార్చండి. బగ్గీలను బాట దిగనివ్వకండి. టీలలో ముందువైపు సగాన్ని నవంబరులో మూసి ఉంచి, జనవరిలో తెరిచి, వెనకవైపు సగాన్ని అప్పుడు మూయండి. ఇవన్నీ ఖర్చు లేని పనులు. వీటికి ఒప్పించడమే కష్టం.

ప్రశ్న: టీవీలో అమెరికా మాస్టర్స్ గోల్ఫ్ పోటీ చూసినప్పుడల్లా అక్కడి ఫెయిర్‌వేలు మన మైదానాల కంటే ఎంతో పచ్చగా కనిపిస్తాయి. అక్కడ చలికాలానికి ముందు రై గ్రాస్ (చలిలో ఎదిగే గడ్డి) విత్తనం చల్లుతారని చదివాను. బెంగళూరులో కూడా అలా చేయవచ్చు కదా? మా క్లబ్బు కమిటీలో ఈ ప్రతిపాదన పెట్టాలనుకుంటున్నాను. (ఇందిరానగర్)

జవాబు: పెట్టవద్దనే నా సలహా. మీరు చదివింది నిజమే. ఆ పోటీ జరిగే జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా మైదానంలో ఫెయిర్‌వేల అడుగు గడ్డి మన గరికకు చుట్టమైన బెర్ముడా రకమే. అక్కడి చలికి అది పూర్తిగా నిద్రపోయి గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకని శరదృతువులో దాని మీద బహువార్షిక రై విత్తనం చల్లుతారు. ఏప్రిల్‌లో పోటీ సమయానికి మనకు కనిపించే పచ్చదనం ఆ రై గడ్డిదే. వేసవి నెలల్లో ఆ మైదానం మూసే ఉంటుంది, అక్టోబరులో తెరుస్తారు.

బెంగళూరు గరిక నిద్రపోదు కనుక, దాని మీద రై చల్లితే రెండు గడ్డులూ వెలుగుకూ నీటికీ పోటీపడతాయి. చలిలో రైదే పైచేయి. అసలు చిక్కు ఫిబ్రవరిలో మొదలవుతుంది. గరిక లేవవలసిన వేళకు దాని తల మీద దట్టంగా రై ఉంటుంది. మార్చి, ఏప్రిల్ ఎండలకు ఆ రై ఒక్కసారిగా మాడిపోతుంది. కింద చూస్తే గరిక బక్కచిక్కి ఉంటుంది. అప్పుడు మీకు మిగిలేది వేసవి నడుమ ఖాళీ నేల. రై మొలవాలంటే మొదటి రెండు మూడు వారాలు రోజుకు పలుమార్లు తడి కావాలి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడరాదని నిషేధించి, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించిన సంగతి మీ కమిటీకి గుర్తుండే ఉంటుంది. ఒక సీజను అందం కోసం ఇంత నీరు, ఇంత విత్తనం ఖర్చుపెట్టడం నాకు సబబుగా తోచదు. ఢిల్లీలోనూ, ఉత్తరాదిన మరికొన్ని చోట్లా గరిక నిజంగానే ఎండిపోతుంది కనుక అక్కడి లెక్క వేరు.

ప్రశ్న: ఉదయం ఆరున్నరకే ఆటకు వెళతాను. డిసెంబరు నెలలో మైదానం సిబ్బంది పొడవాటి వెదురు బద్దలతో గ్రీన్లను తుడుస్తూ ఉంటారు, మేము ఆగవలసి వస్తుంది. ఎండ వస్తే మంచు తానే ఆరిపోతుంది కదండీ, ఈ తతంగం ఎందుకు? అప్పుడప్పుడు గడ్డి మీద సాలెగూడులాంటిది కూడా కనిపిస్తుంది. (మారతహళ్ళి)

జవాబు: ఆ పది నిమిషాలు ఆగండమ్మా. గ్రీన్‌కు అంతకంటే మేలు చేసే పని ఆ పూట మరొకటి లేదు. ఆకు మీద కనిపించే తడి అంతా గాలిలోంచి దిగిన మంచు కాదు. కొంత భాగం రాత్రివేళ గడ్డి తన ఆకు కొనల నుంచి స్రవించే నీరు. అందులో చక్కెరలు, పోషకాలు ఉంటాయి, శిలీంధ్రానికి అది సిద్ధాన్నం. డిసెంబరులో మంచు సాయంత్రమే మొదలై ఉదయం ఎనిమిదింటి దాకా నిలిస్తే ఆకు పన్నెండు గంటలకు పైగా తడిగా ఉన్నట్టు. నాణెమంత గుండ్రని మచ్చలతో మొదలై, కలిసిపోయి పెద్ద పెద్ద మరకలుగా మారే డాలర్ స్పాట్ తెగులుకు 15 నుంచి 30 డిగ్రీల వేడి, ఇలాంటి తడి, నత్రజని లోటు కలిస్తే చాలు. తడి గంటలను తగ్గించడం మందు కొట్టడం కంటే చవక. అదే తెగులు మందును పదేపదే వాడితే శిలీంధ్రం దానికి అలవాటుపడుతుంది కూడా.

మీరు చూసిన సాలెగూడు రెండు రకాలుగా ఉండవచ్చు. ఎండ వచ్చాక కూడా నిలిచి, వేలితో తాకితే దారంలా సాగితే అది నిజంగా సాలీడు పనే. దూది పింజలా ఉండి, తడి ఆరగానే మాయమై, కింద తెల్లబారిన ఆకులు కనిపిస్తే అది శిలీంధ్రపు తంతువు. వెంటనే సిబ్బందికి చూపించండి. ఆ మచ్చ మీద నడిచిన బూట్లతోనే పక్క గ్రీన్‌కు వెళ్ళకండి.

నీరు పెట్టే వేళ కూడా ఇందులోకే వస్తుంది. సాయంత్రం స్ప్రింక్లర్లు తిప్పితే తడి గంటలకు మరికొన్ని గంటలు కలిపినట్టే. తెల్లవారుజామున, మంచు ఎలాగూ ఉన్న వేళలోనే నీరు పెట్టి, వెంటనే తుడిపించాలి.

ప్రశ్న: మా అపార్టుమెంటు ఆవరణలో పచ్చిక బయలు, దాని మూలన చిన్న పుటింగ్ గ్రీన్ ఉన్నాయి. ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) శుద్ధి చేసిన నీరే పెడతాము. ప్రతి ఏడూ నవంబరు నుంచి పచ్చిక పసుపుబారి పలచబడుతుంది, జూన్‌లో మళ్ళీ బాగుంటుంది. తోటమాలి ఎరువు తక్కువైందంటాడు. మా భవనం పదిహేను అంతస్తులు, పచ్చిక దానికి ఉత్తరాన ఉంది. (వైట్‌ఫీల్డ్, నివాసుల సంఘం కార్యదర్శి)

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యమే జవాబు. బెంగళూరు ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ దిక్కున 54 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. మీ భవనం 45 మీటర్ల ఎత్తు అనుకుంటే ఆ వేళ దాని నీడ ఉత్తరానికి 33 మీటర్ల దాకా పడుతుంది, ఉదయం సాయంత్రం ఇంకా పొడవు. జూన్‌లో సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, కాబట్టి మధ్యాహ్నపు నీడ అటు దక్షిణానికి పడుతుంది. అంటే మీ పచ్చికకు చలితో పాటు చీకటి కూడా వస్తోంది. గరికకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. దానిని ఏ ఎరువూ పూడ్చలేదు, నీడలో ఎరువు పెంచితే ఆకు సాగి మరింత పలచబడుతుంది.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటకొకసారి నీడ అంచున సున్నపు గీత గీయించండి. ఆరు గంటల ఎండ అందని భాగమంతా తేలిపోతుంది. ఆ భాగంలో గరిక మీద ఆశ వదులుకుని, నర్సరీల్లో బఫెలో గ్రాస్ పేరుతో దొరికే వెడల్పాకు రకం నాటించుకోవడం మేలు. పుటింగ్ గ్రీన్‌ను ఎండ పడే మూలకు మార్చడానికి వీలులేకపోతే, చలికాలంలో దాన్ని వాడకుండా మూసి ఉంచండి, లేదా కృత్రిమ పచ్చిక వేయించండి. పచ్చిక ప్రియుడిగా ఈ చివరి మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ నీడలో చచ్చే గడ్డిని ఏటేటా కొనడం కంటే అది నయం.

ఎస్‌టీపీ నీటి గురించి కూడా చూడండి. వానలు ఉన్నంతకాలం ఆ నీటిలోని లవణాలు కిందికి కొట్టుకుపోతాయి. నవంబరు తర్వాత కడిగే వాన ఉండదు. సోడియం పేరుకుంటే ఎర్రమట్టి పైపొర బిగుసుకుని నీరు ఇంకదు. నీటికీ మట్టికీ పరీక్ష చేయించి, సోడియం ఎక్కువని తేలితే జిప్సం వేయించి, నెలకోసారి లోతుగా తడపండి. రోజూ కాస్త కాస్త చల్లడం కంటే అది మంచిది. చలికాలంలో రోజుకు 2 మిల్లీమీటర్ల నీరు చాలావరకు సరిపోతుంది. చదరపు మీటరుకు 2 లీటర్లన్నమాట. వేసవి లెక్కతో పెడుతున్నట్టయితే అందులో సగం వృథా.

ప్రశ్న: చెన్నైలో ఒక గోల్ఫ్ మైదానానికి గడ్డి పనులు చేసే కాంట్రాక్టర్ని. మాకు చలి లేదు కదా, ఈ సన్నాహాలు మాకు అవసరమా? (వేళచ్చేరి)

జవాబు: చలి సన్నాహం అవసరం లేదు, ముంపు సన్నాహం కావాలి. చెన్నైలో జనవరి రాత్రులు కూడా 20 డిగ్రీల పైనే ఉంటాయి కనుక గరిక ఆగదు. మీ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. బెంగళూరువాళ్ళు సెప్టెంబరులో చేసే రంధ్రాల పనిని మీరు జూలై, ఆగస్టులలోనే ముగించి, సెప్టెంబరు మొత్తాన్ని కాలువలకు కేటాయించాలి. డ్రైన్ల నోళ్ళు తెరిచి, బంకర్ల (ఇసుక గుంటల) అడుగు గొట్టాలలో నీరు పోసి బయటికి వస్తోందో లేదో చూసుకోవాలి. 2015 డిసెంబరు వరదలు, 2016 డిసెంబరు 12 నాటి వర్దా తుపాను చూసినవారికి ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. నీరు నిలిచిన గ్రీన్‌ను కోసి చూసినప్పుడు నల్లని పొర, కుళ్ళిన గుడ్డు వాసన ఉంటే వేళ్ళకు గాలి అందడం లేదని అర్థం; నీరు దిగాక సన్నని నిండు ముళ్ళతో గుచ్చించి ఆరనివ్వండి. బోర్లలో ఉప్పునీరు చేరిన తీరప్రాంతాలకు గరిక కంటే సముద్రతీర పాస్పాలం రకం బాగా తట్టుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో ఒక గోల్ఫ్ మైదానంలో పనిచేస్తున్నాడు. అక్టోబరులో నీటి గొట్టాల్లోకి గాలి కొట్టడం, గ్రీన్ల మీద పరదాలు పరచడం పని అంటాడు. మంచు కురిసే ముందు గడ్డికి మందు కూడా కొడతారట. ఇదంతా ఎందుకో వివరిస్తారా? (జయనగర్)

జవాబు: నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, గొట్టంలో మిగిలిన నీరు గొట్టాన్నే పగలగొడుతుంది. అందుకని కంప్రెసర్‌తో ఒక్కొక్క స్ప్రింక్లర్ తెరుస్తూ నీటినంతా బయటికి ఊదేస్తారు. అక్కడి బెంట్ గ్రాస్ చలిని తట్టుకోగలదు, కానీ నెలల తరబడి మంచు కింద తడిగా, సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు మంచు బూజు తెగులు వ్యాపిస్తుంది. మంచు పడ్డాక మందు కొట్టే వీలు ఉండదు కనుక ముందే కొడతారు. పరదాలు పొడి చలిగాలికి ఆకు ఎండిపోకుండా కాపాడతాయి. మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి పలకలా మారితే గడ్డికి ఊపిరాడదు, దానికి పరదా కూడా పూర్తి రక్షణ కాదు. మీ అబ్బాయి వసంతంలో పలకలు పగలగొట్టే పని గురించి కూడా చెబుతాడు, అడిగి చూడండి.

మన దేశంలో ఇలాంటి చలికాలం గుల్మార్గ్ మైదానానికి ఉంది. మనకు దగ్గరలో ఊటీలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో నేల మీద తెల్లని మంచు పేరుకుంటుంది. అలా గడ్డకట్టిన ఆకును తొక్కితే లోపలి కణాలు చిట్లి, అడుగుజాడలు నల్లగా మిగులుతాయి. అక్కడ ఆట ఆలస్యంగా మొదలుపెట్టమంటే అందుకే.

ప్రశ్న: మా టీల మీద వానాకాలమంతా తుంగ విపరీతంగా ఉంది. డిసెంబరు వచ్చేసరికి దానంతటదే తగ్గిపోయింది. ఇక పోయినట్టేనా? (దేవనహళ్ళి, మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడే)

జవాబు: పోలేదు. పైన ఆకు మాత్రమే వాడింది. నేలలో 15 సెంటీమీటర్ల లోపు దాని గడ్డలు క్షేమంగా ఉంటాయి, ఫిబ్రవరి చివర నేల వేడెక్కి నీరు తగలగానే మళ్ళీ లేస్తాయి. చేత్తో పైకి లాగితే ఆకు ఊడివస్తుంది, గడ్డ కిందనే ఉండిపోతుంది. నవంబరులో నేల ఇంకా మెత్తగా ఉండగానే, తుంగ కనిపిస్తున్న చోట్లన్నిటినీ మైదానం పటం మీద గుర్తుపెట్టుకుని, చిన్న మచ్చలను గడ్డలతో సహా పారతో తవ్వించి ఇసుక నింపించండి. పెద్ద మచ్చలను మార్చిలో కొత్త మొలక నాలుగైదు ఆకులు వేసే దాకా ఆగి చూద్దాం. పక్కనే మట్టి గట్టిపడిన చోట రాగి పైరును పోలిన గడ్డి కూడా ఉండే ఉంటుంది. అది నిజంగానే రాగికి దగ్గరి చుట్టం, ఏకవార్షికం. విత్తనం రాలకముందే కోయించండి.